ఎత్తిపోసిన నీళ్ళు

పోయిన వారం రెబెక్కమ్మను అల్లూరు బస్సులో ఒక కోళ్ళగంపకీ రెండు వడ్ల మూటలకీ మధ్య ఇరికించి వదిలేశాం. ఆవిడ దిగేసరికి చీర కుచ్చెళ్ళ నిండా ఊక. దాన్ని దులుపుకోవడానికి కూడా ఓపిక లేనంత విసుగులో ఉంది. విసుగెందుకో మరిచిపోయినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను.

రెబెక్కమ్మ మిషను ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా నర్సు. మంచం పట్టిన రోగుల్ని ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచుకోలేరు, ఇంటికి పంపితే చూసేవాళ్ళు లేరు. అందుకని ఆవిడ పదకొండు మంది ఆడవాళ్ళను ఏరి, ఆరు నెలలు తానే తర్ఫీదు ఇచ్చి, పదకొండు ఇళ్ళకు పంపింది. 'ఇంటి సేవ' అని దానికి పేరు పెట్టింది కూడా ఆవిడే. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరమ్మకు మాత్రం ఆ పని మీద నమ్మకం కుదరలేదు. "ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి చూడండి. రోగి క్షేమమా, కాదా? ఒక్క మాటలో రాసుకు రండి. ఒక్క ఇంటికి 'కాదు' అని వచ్చినా శనివారం కమిటీలో మొత్తం ఆపేయిస్తాను" అని తేల్చి చెప్పేసింది. ఆపేస్తే పదకొండు మందీ వీధిన పడతారు. ఇప్పటికి తొమ్మిది ఇళ్ళు అయ్యాయి. తొమ్మిదింటికీ 'క్షేమం' అనే రాసింది. ఇవాళ గురువారం, ఇది పదో ఇల్లు.

ఆ ఇల్లు మాలకొండయ్యది. అల్లూరులో పేరున్న రైతు. ఆయన తల్లి ఆదిశేషమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మూతి వంకర పోయింది, మాట పోయింది. ఆమె దగ్గర ఉండడానికి రెబెక్కమ్మ పంపిన మనిషి ప్రేమలీల. వచ్చి నలభై రోజులు దాటింది.

మాలకొండయ్య వీధి అరుగు మీదే ఎదురొచ్చాడు.

"రాండి నర్సమ్మా, రాండి. పొద్దుటి నించీ మీకోసమే చూస్తా ఉండాం. ఏం పిల్లని పంపినారండీ మీరు. కన్నకూతురైనా ఇంత చెయ్యదు."

రెబెక్కమ్మకు ఒళ్ళు మండింది. తొమ్మిది ఇళ్ళల్లో తొమ్మిదిసార్లు విన్న మాట ఇది. అందరూ కూడబలుక్కున్నట్టు గుమ్మంలోనే మొదలుపెడతారు. కూతురు చెయ్యదు, కోడలు చెయ్యదు, దేవుడే పంపించాడు. వచ్చిన మనిషిని పొగడ్తలతో ముంచి, కాఫీ ఇచ్చి, గదిలోకి తొంగిచూడకుండానే సాగనంపుదామని చూస్తారు. ఎవరి మీదా చెడ్డమాట రాయించడం ఇష్టం లేని మంచితనం అది. ఆ మంచితనం చూస్తేనే ఆవిడకు చిరాకు.

"సంతోషమండీ. ముందు పెద్దావిడను చూపించండి."

"కాఫీ తాగి..."

"తరవాత తాగుతాను."

"ఇదిగో, కాయితం కూడా రాసిపెట్టినాను. మీ కమిటీ వాళ్ళకి చూపించుకోండి. ఊళ్ళో పెద్దమనుషుల చేత కూడా సంతకాలు పెట్టించినా."

"పెద్దమనుషులు ఆవిడ వీపు చూశారా?" అన్నది రెబెక్కమ్మ. మాలకొండయ్య బిత్తరపోయి పక్కకు తప్పుకున్నాడు.

గదిలో కిటికీలు తీసి ఉన్నాయి. సముద్రపు గాలి అప్పుడప్పుడే మళ్ళుతోంది. ఆదిశేషమ్మ నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ప్రేమలీల లేచి నిలబడి "నమస్కారం అక్కా" అన్నది. పాతికేళ్ళ మనిషి, బక్కపలచగా ఉంటుంది. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

రెబెక్కమ్మ చేతులు కడుక్కుని పెద్దావిడను పక్కకు తిప్పింది. వీపు చూసింది, తుంటి చూసింది, మడమలు చూసింది. నలభై రోజులు మంచంలో ఉన్న ఒంటి మీద ఎక్కడా ఎర్రటి మచ్చయినా లేదు. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. తలలో చిక్కు లేదు. దుప్పటి కింద రబ్బరు షీటు ముడతల్లేకుండా లాగి కట్టి ఉంది. ఆసుపత్రిలో తన కళ్ళ ముందు పనిచేసే నర్సులు కూడా ఇంత బాగా చెయ్యరు. ఆ మాట పైకి అనలేదు. అంటే ప్రేమలీలకు పొగరెక్కుతుందని కాదు, రెబెక్కమ్మకు మెచ్చుకోవడం చేతకాదు.

తరవాత గోడకు తగిలించిన పట్టిక తీసింది. స్నానం, పక్క తిప్పడం, అన్నం, నీళ్ళు, విరేచనం, జ్వరం, అన్ని గళ్ళూ నింపి ఉన్నాయి. రూళ్ళకర్రతో ఆ గళ్ళు గీసింది ఆవిడే. జ్వరం గడి దగ్గర వేలు ఆగింది.

"ప్రేమలీలా, వారం నుంచీ సాయంత్రం పూట జ్వరం ఎక్కుతోంది. తొంభై తొమ్మిది, నూరు, నిన్న నూటొకటి. ఏమిటిది?"

"ఇంటోళ్ళకి చెప్పినానక్కా. ఊళ్ళో డాక్టరు గారొచ్చి చూసిపోయినారు. వడగాలి అన్నారు."

"గదిలో పడుకున్న మనిషికి వడగాలేమిటి?"

"ఎండలు అట్టుండాయి గదా నర్సమ్మా" అన్నాడు మాలకొండయ్య గుమ్మంలోంచి.

రెబెక్కమ్మ ఆయన మొహం చూడలేదు. పెద్దావిడ వీపుకి చెవి ఆనించి విన్నది. కుడివైపు కింద, ఊపిరి తీసినప్పుడల్లా గురగురమంటోంది. లోపల నీరు చేరినట్టుంది. ఒంటి మీద పుండు లేదు, పక్క శుభ్రం, తిండి వేళకు అందుతోంది. మరి ఊపిరితిత్తుల్లో ఈ గురగుర ఎక్కడిది? ఆవిడకు అంతుపట్టలేదు. అంతుపట్టకపోతే ఆవిడకు కోపం వస్తుంది.

గోడ గడియారం నాలుగు కొట్టింది.

"నీళ్ళ వేళైందక్కా" అన్నది ప్రేమలీల.

మాలకొండయ్య భార్య చెంచమ్మ వంటింట్లోంచి తళతళలాడే ఇత్తడి చెంబుతో వచ్చింది. ఆమెను చూడగానే ప్రేమలీల మంచం దగ్గర్నుంచి లేచి, గోడ దాకా వెళ్ళి, వీపు ఆనించి నిలబడింది. ఎవరూ వెళ్ళమనలేదు. అలవాటైన నడకలాగా ఉంది అది.

చెంచమ్మ ఎడమచేత్తో అత్తగారి గడ్డం పైకెత్తింది. తలకింద దిండు కూడా ఎత్తు చెయ్యలేదు. చెంబు జానెడు పైకి పట్టుకుని సన్నటి ధారగా పోసింది. ఆదిశేషమ్మ రెండు గుక్కలు మింగింది. మూడో గుక్కకి పొలమారింది. మొహం కందిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. దగ్గు ఆగకుండా వస్తోంది.

చెంచమ్మ చెంబు పక్కన పెట్టి అత్తగారి నడినెత్తి మీద మెల్లిగా తట్టింది. "చూసినావా అత్తా, పెద్దాయన తలుచుకుంటా ఉండాడు."

మాలకొండయ్య మూతి విరిచాడు. "మా అన్న హజరత్తయ్యలే నర్సమ్మా. బిట్రగుంటలో రైళ్ళ షెడ్డులో పని. గట్టు తగాదా పెట్టుకుని పోయి మూడేళ్ళయింది. రోజుకి ఆరుసార్లు తలుచుకునేదానికి తీరికుండాది, ఒకసారి వచ్చిపోయేదానికి లేదు."

పెద్దకొడుకు పేరు వినగానే ముసలమ్మ కళ్ళు వెలిగాయి. దగ్గుతూనే నోరు మళ్ళీ తెరిచింది, ఇంకా పొయ్యమని. చెంచమ్మ చెంబు అందుకుంది.

"ఆపు" అన్నది రెబెక్కమ్మ.

ఒక్క ఊపున పెద్దావిడను లేపి, ముందుకు వంచి, వీపు మీద అరచేత్తో చరిచింది. చాలాసేపటికి ఊపిరి దారిలో పడింది. అప్పటికి రెబెక్కమ్మ నుదుటి మీద చెమట పట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్లా పోస్తున్నారు?"

"ఇంటికొచ్చిన కాడి నించి" అన్నది చెంచమ్మ, తానేం తప్పు చేసిందో తెలియక.

"ప్రతిసారీ పొలమారుతుందా?"

"శానా మటుకు. పాపం, కొడుకు కదా."

"కొడుకూ లేదు, తలుచుకోవడమూ లేదు. పక్షవాతంతో ఆవిడ గొంతు సగం చచ్చుబడింది. వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి పోస్తే నీళ్ళు కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ జ్వరం వడగాలి కాదండీ మాలకొండయ్యగారూ, మీ చెంబు. ఇంకో వారం ఇట్లాగే పోస్తే నిమోనియాతో పోతుంది."

మాలకొండయ్య మొహం పాలిపోయింది. వెంటనే ఎర్రబడింది కూడా. "ఏందమ్మా మాట్లాడతా ఉండారు? అమ్మని మేం చంపతా ఉండామా?"

"ఆసుపత్రి నుంచి మూతిగిన్నె పంపాను, కొమ్ము ఉన్న పింగాణీది. అదేమైంది?"

"మొదటిరోజే చూపించినాం. పళ్ళు బిగబట్టింది. మా అమ్మకి డెబ్భై రెండేళ్ళు. ఎత్తిపోసుకుని తాగడమే గాని, ఒక్కనాడన్నా చెంబు పెదవికి తగిలించిన మనిషి కాదు. ఎవురెవురు నోట్లో పెట్టుకున్నదో దాన్ని ఆమె నోట్లో పెడితే ఊరుకుంటదా?"

"మరగబెట్టి పంపానండీ."

"మరగబెడితే ఎంగిలి పోతదా?"

ఈ ప్రశ్నకు ఏ వైద్యశాస్త్రంలోనూ జవాబు లేదు. రెబెక్కమ్మ ఆ కోపమంతా గోడ వైపు తిప్పింది.

"నీకు కళ్ళు లేవా ప్రేమలీలా? నలభై రోజులు! రోజుకి ఆరుసార్లు! కళ్ళ ముందే ఆవిడ ఉక్కిరిబిక్కిరి అవుతుంటే గోడకానుకుని చూస్తూ నిలబడ్డావా? ఆరు నెలలు కూచోబెట్టి నేను నేర్పింది ఇదేనా?"

ప్రేమలీల తల వంచుకుంది. తరవాత తల ఎత్తకుండానే అన్నది:

"నేర్పింది ఇదే కదక్కా."

"ఏమిటీ?"

"మొదటిరోజు నల్లబల్ల మీద రాసినారు. మాచేత మూడుసార్లు చదివించినారు. వంటింటి గడప తొక్కొద్దు. మంచినీళ్ళ చెంబు ముట్టుకోవద్దు. నోట్లోకి పోయేది ఏదైనా ఇంటోళ్ళ చేతనే పెట్టించండి. తక్కినవన్నీ తప్పినా దిద్దుకోవచ్చు, ఇది తప్పితే ఆ పూటే పంపించేస్తారు అన్నారు." చెంచమ్మ వైపు తల తిప్పింది. "పొలమారతా ఉండాదని చెంచమ్మక్కకి రెండుసార్లు చెప్పినా. తల తట్టి నవ్వింది. పోయి చెంబు పట్టుకోవాలనిపించింది. మీ మాట గుర్తొచ్చి నిలబడిపోయినా."

రెబెక్కమ్మ మంచం పట్టె మీద కూచుంది.

నిజమే, రాసింది తనే. కొత్తలో ఒక పల్లెకు పురుడు పోయడానికి వెళ్ళినప్పుడు, దాహమంటున్న బాలింతకు చెంబు అందించింది. ఆ ఇంటివాళ్ళు బిందెల్లో నీళ్ళన్నీ వీధిలో పారబోసి, ఆవిణ్ణి బండి కూడా కట్టకుండా పంపించేశారు. నడిచి వచ్చిన ఆ నాలుగు మైళ్ళూ ఆవిడ మరిచిపోలేదు. తన పిల్లలు అట్లా నడవకూడదని ఆ నియమం పెట్టింది. పదకొండు మందిలో ఒక్కర్ని కూడా ఏ ఇల్లూ వెనక్కి పంపలేదని కమిటీలో ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకుందో. పట్టికలో 'నీళ్ళు, ఎన్నిసార్లు' అని గడి గీసింది. ఎవరు పోశారు, ఎట్లా పోశారు, తాగాక ఏమైంది? వాటికి గడి లేదు. తొమ్మిది ఇళ్ళల్లో ఆ గడిలో ఆరు అంకె చూసి సంతోషంగా 'క్షేమం' అని రాసుకుంటూ వచ్చింది.

"ఒళ్ళు తుడవొచ్చు" అన్నది రెబెక్కమ్మ. ఎవరితో అంటోందో ఆవిడకే తెలియదు. "దొడ్డికి వస్తే ఎత్తొచ్చు. కురుపుకి కట్టు కట్టొచ్చు. అన్నీ ఈ చేతులే. గుక్కెడు నీళ్ళకి మాత్రం పనికిరావు."

"ఆ మాట నేనన్లేదే" అన్నాడు మాలకొండయ్య. గొంతులో మునుపటి జోరు లేదు. "ఆ పిల్లే దూరంగా నిలబడేది. మేమూ ఊరుకున్నాం."

"ముట్టుకుని ఉంటే?"

మాలకొండయ్య కండువా దులిపి భుజం మార్చుకున్నాడు.

రెబెక్కమ్మ లేచింది. బాధపడుతూ కూచునే తీరిక ఆవిడకు ఎప్పుడూ లేదు. "చెంచమ్మా, మీ ఇంట్లో ఉగ్గుగిన్నె ఉందా?"

"ఉండాది. అత్తదే, వెండిది. ఈయనకీ పెద్దాయనకీ దాంతోనే పోసిందంట. అటక మీదుండాది."

"తీసుకురా. దాంట్లో ఎంగిలి ఉన్నా ఆవిడ కన్నబిడ్డలదే. సగ్గుబియ్యం జావ కాచి, చల్లార్చి పట్రా. పలచటి నీళ్ళు గొంతులో పరిగెడతాయి, జావైతే నిదానంగా దిగుతుంది."

ఉగ్గుగిన్నె చింతపండుతో తోమి తెచ్చేసరికి అరగంట పట్టింది. ఈలోగా రెబెక్కమ్మ, ప్రేమలీల కలిసి పెద్దావిడను దిళ్ళ మీద నిలువుగా కూచోబెట్టారు. గడ్డం కిందికి వంచి, పనిచేసే ఎడమ బుగ్గలోకి కొంచెం కొంచెంగా పొయ్యాలని, మింగిందాకా రెండోది పొయ్యకూడదని రెబెక్కమ్మ చెంచమ్మకు చూపించింది. చెంచమ్మ గిన్నె పట్టుకుంది. గిన్నె మరీ వంగి జావ ముసలమ్మ మెడ మీద ఒలికింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ ఒలికింది.

"నా వల్ల కాదు. ఇన్నాళ్ళు నేను పోసిన నీళ్ళే గదా..." పక్కకు తిరిగి గిన్నె ప్రేమలీల ముందుకు చాపింది. "నువ్వు పొయ్యి లీలా."

ప్రేమలీల అందుకోలేదు. రెబెక్కమ్మ వైపు చూసింది. రెబెక్కమ్మ మాలకొండయ్య వైపు చూసింది. మాలకొండయ్య వాకిలి వైపు తిరిగి, రోడ్డు మీద ఎవరో వస్తున్నట్టు చూడడం మొదలుపెట్టాడు. పొయ్యమనలేదు, వద్దనీ అనలేదు.

"పట్టుకో" అన్నది రెబెక్కమ్మ.

ఆదిశేషమ్మ తన గిన్నెను గుర్తుపట్టింది. దాన్ని పట్టుకున్న చేతిని కూడా చాలాసేపు చూసింది. నలభై రోజులుగా తనను తిప్పి పడుకోబెట్టే చెయ్యే అది. వంకరపోయిన నోరు మెల్లిగా తెరిచింది. ఒక గుటక, రెండు, అయిదు. గిన్నె ఖాళీ అయింది. ఒక్కసారి కూడా పొలమారలేదు.

ముసలమ్మ మొహంలో మాత్రం సంతోషం లేదు. అటూ ఇటూ వెతుక్కుంటూ చూసింది. పెద్దకొడుకు తలుచుకోవడం మానేశాడనుకుంది కాబోలు.

"మీ అన్నకి ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి మాలకొండయ్యగారూ" అన్నది రెబెక్కమ్మ విసుగ్గా. "ఆ పని కూడా నర్సులే చెయ్యాలంటే ఎట్లా?"

ఆయన తల ఊపాడు. పక్కకు వచ్చి నెమ్మదిగా అన్నాడు. "తప్పు తెలిసింది, దిద్దుకున్నాం. ఆ జ్వరానికి సూదిమందు మీరెట్టా చెప్తే అట్టా వేయిస్తా. ఇంక క్షేమమని రాసుకోండి. నా కాయితం ఎటూ ఉండాది."

"రాయండక్కా" అన్నది ప్రేమలీల. తన ఒక్కదాని కోసం కాదు, పదకొండు మంది కోసం అడుగుతోందని రెబెక్కమ్మకు తెలుసు.

సంచిలోంచి రిపోర్టు తీసి, పెన్ను మూత విప్పింది. నిజం చెప్పొద్దూ, ఆవిడకు రాసేయాలనే అనిపించింది. ఈ నిమిషాన పెద్దావిడ క్షేమంగానే ఉంది కదా. అబద్ధమేముంది ఇందులో?

ఆవిడ తటపటాయించడం చూసి ప్రేమలీల ధైర్యం చెప్పబోయింది. "అన్ని చోట్లా ఇట్టా లేదులే అక్కా. మొన్న ఆదివారం చర్చికాడ, నాతోపాటు మీ దగ్గర నేర్చుకున్న ఎస్తేరమ్మక్క కనపడింది. కోట ఊళ్ళో ఆమె చూసే పద్మనాభయ్యగారికి కూడా ఇదే జబ్బు గదా. మొదట్లో ఆయనకీ బాగా పొలమారేదంట. పది రోజుల నించీ అసలు దగ్గే లేదంట. ఎంత పోసినా గడగడా తాగేస్తా ఉండాడంట. నయమైపోతా ఉండాదని ఆ ఇంటోళ్ళు ఎస్తేరమ్మక్కకి కొత్త చీర పెట్టినారు."

రెబెక్కమ్మ చేతిలో పెన్ను ఆగింది.

"మంచిదే గదమ్మా?" అన్నది చెంచమ్మ ఆవిడ మొహం చూసి.

"నీళ్ళు తప్పుదారి పడితే వాటిని బయటికి తోసేదే దగ్గు, చెంచమ్మా. పక్షవాతం మనిషికి అది ఉన్నట్టుండి ఆగిపోయిందంటే నయమైనట్టు కాదు. గొంతు చేతులెత్తేసినట్టు. పోసిన నీళ్ళు పోసినట్టే లోపలికి పోతున్నాయి, చప్పుడు లేకుండా."

కోట ఇంటికి ఆవిడ సోమవారం వెళ్ళింది. దగ్గు లేదు, వీపు శుభ్రంగా ఉంది. 'క్షేమం' అని రాసి, కాఫీ తాగి వచ్చింది.

రిపోర్టు ఒళ్ళో పెట్టుకుని ఆ మాట కొట్టేసింది. 'కాదు' అని రాసింది. అల్లూరుకు ఎదురుగానూ 'కాదు' అనే రాసింది. 'లోపం ఎవరిది' అన్న చోట రెండు వరసల్లోనూ తన పేరే రాసుకుంది. ప్రేమలీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కోటకి నేను చేరేసరికి రేపు మధ్యాహ్నమవుతుంది. ఆ లోపల ఇంకెన్నిసార్లు పోస్తారో. మీ ఊళ్ళో తంతి ఆఫీసు తెరిచే ఉంటుందా?"

"ఆరింటి దాకా ఉంటది" అని మాలకొండయ్య అప్పటికే సైకిలు తీశాడు. కాగితం కలం కూడా జేబులో పెట్టుకున్నాడు. "మీ ఎస్తేరమ్మ పేరిటే గదా కొట్టాల్సింది? నీళ్ళు ఆపమని?"

"ఎస్తేరమ్మకి వద్దు. అందితే మాత్రం ఏం చేస్తుంది? గోడకానుకుని నిలబడుతుంది. చెంబు ముట్టుకోవద్దన్నదాన్ని నేనే కదా. పద్మనాభయ్యగారి కొడుకు పోలేరయ్య పేరిట కొట్టండి. కింద మీ పేరు పెట్టండి."

"నా పేరా? నేనెవురో వాళ్ళకి తెలియదే."

"తెలియక్కర్లేదు. అల్లూరు రైతు మాలకొండయ్య, మా అమ్మకు చేజేతులా ఇట్లాగే పోశాం, మీరు పొయ్యొద్దు అని రాయండి. మీరు చెబితే వింటారు. నేను చెబితే, మా ఇంటి నీళ్ళ సంగతి నీకెందుకంటారు."

సొంత ఊరి తంతి గుమాస్తా ముందు ఆ మాట తన చేత్తో రాసి, కింద తన పేరు పెట్టాలి. మాలకొండయ్య సైకిలు హ్యాండిలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఎక్కలేదు.